హోమ్ థియేటరు: ముందు మూడు స్పీకర్లు చాలును



సాయంకాలమున కుటుంబమంతయు హాలులో చేరి టెలివిజనులో చిత్రము చూచు ఇండ్లలో ఒక చిన్న విషయమును మీలో కొందరు గమనించియే యుందురు. హాస్యసన్నివేశము వచ్చును. పిల్లలు నవ్వుదురు, పెద్దలు నవ్వుదురు. మూల కుర్చీలో కూర్చున్న ఇంటి పెద్దావిడ మాత్రము అందరి ముఖములను ఒకసారి చూచి, ఆ తరువాత నవ్వును. ఆ నవ్వు మాట విని వచ్చినది కాదు. మనలను చూచి వచ్చినది.

మా ఇంట మా అమ్మగారు రెండు సంవత్సరములు అట్లే నవ్విరి. మేము గమనింపలేదు. ప్రతిదినము మైక్రోఫోను ముందు కూర్చుండి, ఒక్క అక్షరము జారినను శ్రోతకు చేరదని క్రొత్తవారికి బోధించు మేమే గమనింపలేదు. తుదకు ఆమె రాత్రి భోజనము కాగానే తన గదిలోనికి పోయి, చిన్న రేడియో పెట్టుకొని వినుట ఆరంభించిరి. ఎందుకమ్మా అని యడుగగా, "ఇది నాతో మాట్లాడుతుందిరా. అది మీతో మాట్లాడుతుంది" అనిరి.

ఈ ప్రసంగము ఆ మాట వలన పుట్టినది. హోమ్ థియేటరు అను పేరుతో విక్రయింపబడు పరికరములలో ఏవి కొనవలెను, ఏవి మానవలెను అనునది మా విషయము. మా అభిప్రాయమును ముందే చెప్పివేయుదుము. సాధారణమైన ఇంటికి వెనుక స్పీకర్లు అక్కరలేదు. ముందు మూడు మంచి స్పీకర్లు, వానిని నడుపుటకొక నమ్మకమైన రిసీవరు చాలును. ధనమును మాట కొరకు వ్యయము చేయవలెను గాని ప్రేలుడు కొరకు కాదు.

టెలివిజనులో మాట ఎందుకు తేటగా వినబడదో మొదట చూతము. పూర్వపు టెలివిజను పెట్టెకు లోతుండెడిది. స్పీకరు సాధారణముగా మనవైపునకు చూచుచుండెడిది. నేటి టెలివిజను అద్దపు పలకవలె పలుచనైనది. స్పీకరునకు ముందు చోటు లేదు కావున, పెక్కు టెలివిజనులలో దానిని క్రిందివైపునకో వెనుకవైపునకో తిప్పి అమర్చుచున్నారు. అందుచే మాట మొదట బల్లకో గోడకో తగిలి, అటుపిమ్మట మన చెవికి చేరును. అమ్మగారి చిన్న రేడియోలో ఉన్నది ఒకే స్పీకరైనను, అది ఆమె ముఖమునకు ఎదురుగా, మూరెడు దూరములో నుండెను. అంతియే దాని రహస్యము.

ఇంకొక కారణము మన చెవిలోనే యున్నది. మాటలోని బలము చాల వరకు అచ్చులలో నున్నది. మాటను మాట నుండి వేరుపరచునది చాల వరకు హల్లు. పాలు, కాలు, తాలు అను మూడు మాటలను పలికి చూడుడు. మొదటి హల్లు చెవికి తప్పిపోయినచో మూడును ఒక్కటియే. అట్టి హల్లులను గుర్తించుటకు 2,000 నుండి 4,000 హెర్ట్జుల ప్రాంతపు ధ్వని మిక్కిలి ముఖ్యమైనది. వయస్సుతో వినికిడి తగ్గునపుడు ముందుగా తగ్గునవి హెచ్చు స్థాయి ధ్వనులే. కావున టెలివిజను శబ్దమును పెంచినచో వృద్ధులకు గోల పెరుగును గాని మాట తేటపడదు. ఏ పరికరము కొనుటకు ముందైనను ఇంటి పెద్దలకు చెవి వైద్యునిచే వినికిడి పరీక్ష చేయింపుడు. స్పీకరు చెవికి సహాయము చేయగలదు గాని చికిత్స కాజాలదు.

మేము మొదట చేసిన పని తెలివైనది కాదు. ఒక దుకాణమునకు పోయితిమి. చీకటిగా, చల్లగా, తివాచీ పరచిన గదిలో మమ్ము కూర్చుండబెట్టి యుద్ధసన్నివేశము చూపిరి. గుండ్లు మా తలల మీదుగా వెనుకకు పోయినవి. పెట్టె మీద వేల వాట్ల సంఖ్య యుండెను. ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు గల ఆ పెట్టెను కొని తెచ్చితిమి. ఇంట సోఫా వెనుక గోడకే ఆని యున్నది. వెనుక స్పీకర్లకు చోటేది? ఒకటి బాల్కనీ తెర చాటునకు, రెండవది భోజనాల బల్ల ప్రక్కనున్న ఫ్రిజ్ మీదికి పోయినవి. గుమ్మము దాటించిన తీగ నాలుగవ నాడే చీపురుకు చిక్కి ఊడినది. మాట పలుకవలసిన మధ్య స్పీకరు అరచేయంత యుండెను. ప్రేలుళ్ళు ప్రక్క ఇంటివారికి కూడ వినబడెను. మాటలు అమ్మగారికి మునుపటివలెనే వినబడలేదు. ఆ పెట్టెను కొన్న ధరలో సగమునకు అమ్మివేసి, అప్పుడు ఆలోచించుట ఆరంభించితిమి.

ముందు మాత్రమే స్పీకర్లు పెట్టుట పేదవాని సర్దుబాటని కొందరు తలతురు. అది సరి కాదు. 1933 ఏప్రిల్ 27వ తేదీన అమెరికాలో బెల్ ప్రయోగశాలల శాస్త్రజ్ఞులు ఒక ప్రదర్శనము చేసిరి. ఫిలడెల్ఫియాలో వాద్యబృందము వాయించుచుండగా, ఆ సంగీతమును తీగల ద్వారా వాషింగ్టనులోని కాన్‌స్టిట్యూషన్ హాలునకు పంపిరి. ఆ బృందమునకు నాయకుడైన స్టొకొవ్‌స్కీ వాషింగ్టనులోనే కూర్చుండి ధ్వనిని నియంత్రించెను. పంపిన మార్గములు మూడు. వేదికపై నుంచిన స్పీకర్ల స్థానములు మూడు: ఎడమ, నడుమ, కుడి. రెండే యుంచినచో ప్రక్కగా కూర్చున్నవారికి నడిమి ధ్వని తన స్థానము వదలి, తమకు దగ్గరనున్న స్పీకరు వైపునకు జరిగిపోవును. నడుమ నొకటి యుంచినచో అది కదలదు. 1953లో ‘ది రోబ్’ అను చిత్రముతో సినిమాస్కోపు వచ్చినప్పుడు నాలుగు ధ్వని మార్గములుండగా, అందు మూడు తెర వెనుకవే. ఒక్కటి మాత్రము ప్రేక్షకుల చుట్టును వినిపించుటకు. నేటికిని చలనచిత్రములో పాత్రల సంభాషణ చాల వరకు నడిమి స్పీకరు నుండియే వచ్చును.

మన తెలుగు ఇండ్లకు ఇంకొక మాట కూడ వర్తించును. పెద్దలు మరల మరల చూచు చిత్రములు ఏవి? 1957 నాటి ‘మాయాబజార్’ వంటివి. అవి పుట్టినప్పుడు వాని ధ్వని ఒకే మార్గపుది. వానికి వెనుక స్పీకర్లతో పనియే లేదు.

ఇక ఎంపిక. మొదట స్పీకర్లను ఎన్నుకొని, తరువాత రిసీవరును ఎన్నుకొనుడు. మీ ధనమును పది పాళ్ళు చేసినచో ఆరు పాళ్ళు స్పీకర్లకును, నాలుగు పాళ్ళు రిసీవరునకును కేటాయింపుడని మా సలహా. రిసీవరు కొన్ని సంవత్సరములలో పాతబడును. మంచి స్పీకరు చాల కాలము పలుకును. అయితే స్పీకరు కాగితపు శంఖము చుట్టును గల అంచు రబ్బరుదా, నురుగుదా అని చూడుడు. నురుగు అంచు గాలిలోని తేమకు కాలక్రమమున పొడియై రాలిపోవును. విశాఖపట్టణము, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళవారు, ముఖ్యముగా పాత స్పీకర్లు కొనువారు, దీనిని వ్రేలితో తాకి చూడవలెను.

ముందు స్పీకర్లు మూడును ఒకే నిర్మాత చేసిన ఒకే వరుసలోనివై యుండవలెను. లేనిచో ఒక పాత్ర తెరకు ఎడమ నుండి కుడికి నడచునపుడు ఆమె కంఠము దారిలో మారినట్లు తోచును. మధ్య స్పీకరు సాధారణముగా అడ్డముగా పండుకొనినట్లుండి, నడుమ చిన్న స్పీకరు, ఇరువైపుల రెండు పెద్ద స్పీకర్లు కలిగి యుండును. ఎదురుగా కూర్చున్నవారికి ఇది బాగుండును. ప్రక్కకు జరిగినకొలది కొన్ని ధ్వనులు ఒకదానినొకటి రద్దు చేసికొని మాట పలుచబడవచ్చును. కావున దుకాణములో నడుమ కుర్చీలో మాత్రమే కూర్చుండి తీర్పు చెప్పకుడు. మీ ఇంట పెద్దవారు ఏ మూల కూర్చుందురో ఆ మూలకు జరిగి వినుడు. చోటున్నచో, ఎడమ కుడులకు కొన్న స్పీకరు వంటిదే మూడవది కొని నడుమ నిలువుగా పెట్టుట అన్నిటికంటె మేలు.

పరీక్షకు యుద్ధసన్నివేశము వలదు. తెలుగు వార్తలు పెట్టించి వినుడు. స్త్రీ కంఠము, పురుష కంఠము రెండును వినుడు. ధ్వనిని బాగుగా తగ్గించుడు. ఆ తగ్గించిన స్థితిలో స, శ అను అక్షరములకు భేదము తెలియుచున్నదా? ఊరిపేర్లు అందుచున్నవా? అట్లయినచో ఆ స్పీకరు మీ ఇంటికి తగినది. మేము స్టూడియోలో కంఠమును పరీక్షించునది కూడ ఇట్లే.

స్పీకరు పత్రములో రెండు సంఖ్యలు చూడవలెను. మొదటిది, ఒక వాటు విద్యుత్తునకు ఒక మీటరు దూరములో ఎన్ని డెసిబెల్లులు పలుకుననునది. 87 పలుకు స్పీకరు కంటె 90 పలుకు స్పీకరు అదే శబ్దమును సగము వాట్లతో నిచ్చును. రెండవది నిరోధము. ఎనిమిది ఓములు లేక ఆరు ఓములది సాధారణ రిసీవరునకు సుఖము. నాలుగు ఓములది బరువు.

ఇప్పుడు రిసీవరు. వాట్ల సంఖ్యను చూచి మోసపోకుడు. వాట్లు రెట్టింపైనచో పెరుగునది మూడు డెసిబెల్లులే. అది స్వల్ప భేదము. చెవికి రెట్టింపుగా తోచుటకు సుమారు పది రెట్లు వాట్లు కావలెను. అందుచే 50 వాట్ల దానికి, 100 వాట్ల దానికి నడుమ ఇంటిలో కనబడు తేడా కొంచెమే. పెట్టె మీద ‘పి.ఎం.పి.ఓ.’ అని వ్రాసిన వేల సంఖ్యను అసలు లెక్కింపకుడు. రెండు మార్గములు ఒకేసారి పనిచేయునపుడు, ఎనిమిది ఓములకు, 20 నుండి 20,000 హెర్ట్జుల వరకు ఎన్ని వాట్లని యడుగుడు. ఆ లెక్కన 60 మొదలు 80 వాట్లున్నచో మధ్యతరగతి హాలునకు ధారాళముగా చాలును.

మూడు మార్గముల రిసీవరు అంగడిలో దొరకుట అరుదు. ఐదు మార్గములది కొని, రెంటిని ఖాళీగా వదలుడు, నష్టము లేదు. ఏడు, తొమ్మిది, పదునొకండు మార్గముల వానికి ధనము పోయకుడు. చూడవలసిన సౌకర్యములు కొన్ని కలవు. టెలివిజనుకును రిసీవరుకును హెచ్.డి.ఎం.ఐ. ద్వారములలో ‘ఆర్క్’ గాని ‘ఇ-ఆర్క్’ గాని యుండవలెను. అప్పుడు ఒకే తీగతో టెలివిజను ధ్వని రిసీవరునకు చేరును. మధ్య స్పీకరు శబ్దమును మాత్రము విడిగా పెంచు వీలుండవలెను. రాత్రివేళ ప్రేలుళ్ళను అణచి మాటను నిలుపు ఏర్పాటుండవలెను. గదిని మైక్రోఫోనుతో కొలిచి సరిచేయు విధానము కూడ ఉండవలెను. యమహా రిసీవర్లలో దీనిని ‘వైపావో’ అనియు, డెనాన్ రిసీవర్లలో ‘ఆడిసీ’ అనియు పిలుతురు.

ఇచ్చట మేము చెప్పువానిలో అతిముఖ్యమైన సంగతి వచ్చుచున్నది. వెనుక స్పీకర్లు లేవని రిసీవరునకు తెలియజెప్పవలెను. అమరికల పట్టికలో ‘సరౌండు’ అను చోట ‘లేదు’ అని నిర్ణయింపవలెను. అట్లు చెప్పినచో, వెనుకకు పోవలసిన వాన చప్పుడును, జనసమూహపు కలకలమును రిసీవరు తానే ముందు స్పీకర్లలో కలిపి వినిపించును. చెప్పనిచో ఆ ధ్వనులను లేని స్పీకర్లకు పంపుచునే యుండును. అవి మీకెన్నటికిని వినబడవు. మైక్రోఫోనుతో కొలిచినప్పుడు రిసీవరు దీనిని సాధారణముగా తానే కనిపెట్టును. అయినను ఒకసారి సరిచూడుడు. టెలివిజనులో గల స్పీకర్లను పూర్తిగా ఆపుడు. పాత చిత్రములకు ‘డాల్బీ సరౌండు’ అను పద్ధతిని ఎన్నుకొన్నచో, ఎడమ కుడులకు సమానముగా నున్న మాట నడిమి స్పీకరులోనికి చేరి స్థిరముగా నిలుచును.

విద్యుత్తు విషయమున ఒక హెచ్చరిక. అమెరికాలోని కుమారుడో కుమార్తెయో మక్కువతో పంపిన రిసీవర్లు మన ఇండ్లకు వచ్చుచున్నవి. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. వెనుకనున్న పలక చదువక మన ప్లగ్గులో పెట్టినచో, ఆ ప్రేమ కానుక క్షణములో పొగయై పోవచ్చును. పలకపై 120 మాత్రమే యున్నచో, దాని వాట్లకు తగిన స్టెప్‌డౌను ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. రిసీవరు వేడెక్కు వస్తువు. దానిని మూసిన అలమరలో పెట్టకుడు. పైన జానెడు ఖాళీ యుంచుడు. దానిపై అల్లిక గుడ్డ కప్పకుడు.

అమర్చుట కష్టము కాదు. మీరు రెండున్నర, మూడు మీటర్ల దూరములో కూర్చుందురనుకొందము. ఎడమ కుడి స్పీకర్ల నడుమ రెండు, రెండున్నర మీటర్లుండవలెను. వానిలోని చిన్న స్పీకరు కూర్చున్నవారి చెవి ఎత్తున నుండవలెను. మధ్య స్పీకరు టెలివిజను క్రింద నున్నచో, దానిని బల్ల అంచువరకు జరిపి, ముందు భాగమును కొంచెము ఎత్తి, ముఖము మీ చెవుల వైపునకు త్రిప్పుడు. షోకేసు గూటిలో దూర్చినచో కంఠము కుండలోనుండి వచ్చినట్లుండును. తీగ పది మీటర్ల లోపైనచో 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలును. ఎరుపునకు ఎరుపు, నలుపునకు నలుపు కలుపుడు. ఒకచోట తారుమారైనచో మాట గాలిలో తేలినట్లుండి స్థానము చిక్కదు.

మన హాళ్ళలో నేల నున్నని రాయి, గోడలు నగ్నము, కిటికీలు అద్దము. మాట వీనికి తగిలి మరల మరల వచ్చి తన హల్లులను తానే కప్పివేయును. స్పీకర్లకును సోఫాకును నడుమ ఒక జంపఖానా పరచుడు. కిటికీకి దళసరి తెర వేయుడు. ఈ స్వల్ప వ్యయము పెద్ద రిసీవరు చేయలేని పని చేయును. ఇంకను ఒకటి: పంకా. వేసవిలో పూర్తి వేగముతో తిరుగు పంకా హల్లులను మ్రింగివేయును. అమ్మగారి కుర్చీ సరిగా పంకా క్రిందనే యుండెనని మేము గుర్తించుటకు చాల కాలము పట్టెను. కుర్చీని రెండడుగులు జరిపితిమి. దీనికి ఖర్చు లేదు.

సబ్‌వూఫరు కావలెనా? చిన్న స్పీకర్లు కొన్నవారికి మేలే. అప్పుడు 80 హెర్ట్జులకు క్రిందిదానిని దానికి పంపుమని రిసీవరులో నిర్ణయింపవలెను. కాని మంద్రధ్వని గోడలను దాటి పోవును. అపార్టుమెంటులలో నున్నవారు క్రింది ఇంటిలోని పసిపిల్లలను తలచుకొని మితముగా నుంచవలెను.

ఈ పద్ధతిలో పోగొట్టుకొనునది ఏమియు లేదని మేము చెప్పము. వెనుకనుండి వచ్చు అడుగుల చప్పుడు వెనుకనుండి రాదు. తల మీదుగా హెలికాప్టరు పోదు. సోఫా వెనుక మంచి ఖాళీ స్థలము, మనస్సులో ఆ కోరిక, చేతిలో ధనము కలవారు తరువాత రెండు స్పీకర్లు చేర్చుకొనవచ్చును. రిసీవరులో ఆ రెండు మార్గములు ఖాళీగానే యున్నవి గదా. మరి ఇంటిలో ఇద్దరే యుండి, ఇరువురును టెలివిజనుకు సరిగా ఎదుట కూర్చుందురేని, ఎడమ కుడులు రెండే చాలును. నడిమి ధ్వని వారి చెవులకు తానే నడుమ నిలుచును. ఇంటిల్లిపాది చేరు హాలునకే మూడవది కావలెను.

మేము మూడు స్పీకర్లను అమర్చిన నాడు రిసీవరు మైక్రోఫోనును మొదట అమ్మగారి కుర్చీ దగ్గరనే, ఆమె చెవి ఎత్తున నిలిపి, పంకా ఆపి కొలిచితిమి. మధ్య స్పీకరును మాత్రము రెండు డెసిబెల్లులు పెంచితిమి. పాత చిత్ర మొకటి పెట్టి, ఏమియు చెప్పక ఊరకుంటిమి. అమ్మగారు వచ్చి కూర్చుండిరి. హాస్యసన్నివేశము వచ్చినది. మేము తెర వైపు చూడలేదు. ఆమె ముఖమునే చూచుచుంటిమి. మా చూపు ఆమె కెట్లు తోచెనో గాని, "నన్నేం చూస్తావురా, బొమ్మ చూడు" అనిరి. తరువాత కొంతసేపటికి, "ఎందుకంత గట్టిగా పెట్టారు? కాస్త తగ్గించండి" అనిరి.

తగ్గించితిమి. ఆ రాత్రి ఆమె గదిలోని రేడియో మ్రోగలేదు. రేడియో ఉద్యోగులమైన మాకు అందువలన విచారము కలుగలేదని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాము.